నీ కథలోని ఆ మరణం గురించి

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ధర్మవరం కుర్రవాడు కొకైన్ పీల్చి, తెల్లవారేసరికి 'గుండె ఆగి' చనిపోయాడని ఒక్క వాక్యంలో తేల్చేశావు. గుండె నుంచి ఒంటికంతా నెత్తురు మోసే పెద్ద నాళం, బృహద్ధమని, చిట్లినట్టు పోస్టుమార్టంలో బయటపడిందని తర్వాతి పేజీలో నువ్వే రాశావు. చదివేవాడికి కావలసింది ఆ చిట్లడమే.

బృహద్ధమని గోడకు మూడు పొరలుంటాయి. నాడుల కొసల్లో విడుదలైన నోరడ్రినలిన్ అనే రసాయనం తిరిగి లోపలికి చేరకుండా కొకైన్ అడ్డుపడుతుంది కనుక రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం హెచ్చి, రక్తపోటు నిమిషాల్లో ఎగబాకుతుంది. ఆ తాకిడికి లోపలి పొర చిరిగితే నెత్తురు నడిమి పొరలోకి చొరబడి గోడను పొడవునా చీల్చుకుంటూ పోతుంది; బయటి పొర కూడా తెగి గుండె చుట్టూ ఉన్న సంచిలోకి నెత్తురు చేరిందంటే, గుండె విచ్చుకోవడానికి చోటే ఉండదు. వీపు చీలుతున్నంత నొప్పితో మొదలయ్యే ఈ చావు చాలాసార్లు గంటల తరబడి సాగుతుంది. ఆ గంటలను నీ కథ దాటవేసింది.

నిరుడు మా చీనీ తోటలో డ్రిప్పు పైపు పగిలింది. మోటారు వేసిన క్షణంలోనే పగిలింది కనుక తప్పు మోటారుదే అన్నాడు మా అల్లుడు. తీసి చూస్తే అది ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కి, వేలితో నొక్కితే పెళ్లలుగా రాలే ముక్క. పక్కనున్న కొత్త పైపు అదే ఒత్తిడికి చెక్కుచెదరలేదు. అలాగని మోటారు వేయకపోయినా ఆ రోజే పగిలేదని నేననను.

నీ కుర్రవాడి గోడను పెళుసు చేసినదేమిటి? ఎవరూ కొలవని రక్తపోటా, సిగరెట్లా? మొదటి పేజీలో అతని వేళ్లు చాలా పొడవని, తండ్రి నలభై ఏళ్లకే హఠాత్తుగా పోయాడని వర్ణన కోసం రాసి వదిలేశావు. మార్ఫాన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారి పోలికలు అలాగే ఉంటాయి, వారి బృహద్ధమని పుట్టుకతోనే బలహీనం, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం.

'మత్తు' అనే ఒక్క మాటతో సరిపెట్టకు. ఒకప్పుడు జలుబు మాత్రల్లో వాడిన ఫినైల్‌ప్రొపనోలమైన్ అనే మందు వల్ల మెదడులో రక్తస్రావం జరిగే ముప్పుందని 2000లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని అమ్మకాలు ఆపమని కోరింది. ఆ మాత్రలు మింగినవారు మత్తు కోరినవారు కాదు.

నీ కథలో అవే వేళ్లున్న తమ్ముడు ఒకడున్నాడు. 'డ్రగ్స్ తీసుకుని చచ్చాడు' అని ఊరంతా అనుకుని ఇళ్లకు వెళ్లిపోయాక, ఆ పిల్లవాడికి గుండె ఎకో పరీక్ష చేయించమ్మా అని ఎవరైనా ఆ తల్లితో అన్నారా లేదా, అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు