అంబాసిడర్‌కి రంగు వేయించడానికి పోస్టాఫీసు డబ్బు తియ్యాలా?

ప్రశ్న: మాది బరంపురం, గోపాల్‌పూర్ రోడ్డులో ఇల్లు. టీచర్‌గా రిటైరయ్యాను. నాన్నగారు 1974లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ నడుస్తోంది. కానీ ఒళ్లంతా తుప్పు పొక్కులు. ఇక్కడి షెడ్డులో 90 వేలకి మొత్తం రంగు వేసిస్తామన్నారు. ఇచ్ఛాపురంలో ఒక మేస్త్రి పాత రంగంతా గీకి, చెడిన రేకు మార్చి వేయాలంటే రెండున్నర లక్షల దాకా అవుతుందన్నాడు. పెన్షన్ ఇంటి ఖర్చుకి సరిపోతుంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 15 లక్షలున్నాయి, వేసి 14 నెలలైంది. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అబ్బాయి లక్షన్నరకి అమ్మేయమంటున్నాడు. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి చాలా ఏళ్లైంది. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, పోస్టాఫీసు డబ్బు జోలికి వెళ్లకండి. ఆ ఖాతాలోంచి కావలసినంత తీసుకుని మిగతాది ఉంచుకునే వీలు లేదు. మూస్తే మొత్తం మూయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లు నిండలేదు కాబట్టి అసలులో 1.5 శాతం కోత పడుతుంది, అంటే 22,500 రూపాయలు. బంపరుకి క్రోమ్ పూత ఖర్చు అందులోనే పోయినట్టు.

ఇక 90 వేలా, రెండున్నర లక్షలా? మొదటాయన రంగుకి రేటు చెప్పాడు, రెండో ఆయన రేకుకి చెప్పాడు. పాత రంగు కింద ఏముందో ఇద్దరూ చూడలేదు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, అందుకే పైన రంగు పొక్కులా లేస్తుంది. పైకి రూపాయి బిళ్లంత కనిపిస్తే లోపల అరచేయంత మేర తినేసి ఉండొచ్చు. పైగా మీకు సముద్రపు గాలి. ఉప్పు తేమని పట్టుకుని వదలదు.

నా పాత స్కూటర్‌కి ఒకసారి చవగ్గా రంగు వేయించాను. ఇంటికి తెచ్చిన రోజు అద్దంలా మెరిసింది. రెండో వానాకాలానికి ఫుట్‌బోర్డు అంచున చిన్న పొక్కు లేచింది. తాళంచెవితో అలా తాకాను, పుట్టీ పెళ్ల ఊడిపడి కింద సిమెంటు నేల కనిపించింది. తుప్పు మీదే పుట్టీ మెత్తితే అంతే, అది నీళ్లు పీల్చి లోపలే దాచుకుంటుంది. అసలు తీర్చకుండా వడ్డీ మాత్రం కడుతూ పోవడం లాంటిది ఆ 90 వేల పని.

మీరే ఒక పరీక్ష చేయండి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి, తలుపుల కింద, మడ్‌గార్డు అంచుల్లో, డిక్కీ మూలల్లో పెట్టి చూడండి. పట్టకుండా జారిందంటే అక్కడ మందంగా పుట్టీ ఉన్నట్టే. తర్వాత కాళ్ల దగ్గర మ్యాట్లు ఎత్తి ఫ్లోరుని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. అంబాసిడర్‌కి లారీలా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. ఫ్లోరూ, తలుపుల కింది పెట్టె భాగమూ మెత్తబడితే అది అందం సమస్య కాదు, ప్రాణాల సమస్య.

మేస్త్రితో మొత్తానికి ఒకే బేరం కుదుర్చుకోకండి. గీకడానికి ఎంత, రేకు మార్చడానికి ఎంత, రంగుకి ఎంత అని విడిగా రాయించుకోండి. గీకాక మీరే వెళ్లి చూసి, ఫొటోలు తీసుకుని, అప్పుడు రేకు లెక్క తేల్చుకోండి. చిల్లులు పడ్డ చోట కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. పైపై తుప్పైతే దాన్ని గట్టి పొరగా మార్చే, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న కన్వర్టర్ ద్రవం చాలు. ఖాళీ రేకు మన తేమలో రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది కాబట్టి గీకిన చోట అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. పెట్టె భాగాల లోపల మైనం కొట్టమనండి, బయట ఎంత మెరిపించినా తుప్పు మళ్లీ లోపలి నుంచే మొదలవుతుంది. ఫైలిన్, తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయని మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. డిసెంబరు ముందు బండి విప్పించకండి.

డబ్బు విషయానికొస్తే, రెండున్నర లక్షల దగ్గర గీత గీయండి. మీ 15 లక్షల మీద 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. పెన్షన్‌తో ఇల్లు గడుస్తోంది గనుక ఏడాది వడ్డీ 1,23,000 ఈ పనికి కేటాయించవచ్చు. మిగతా లక్షా ముప్పై వేల దాకా ఎఫ్‌డీ విరగ్గొట్టకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీనే హామీగా పెట్టి వాడుకునే అప్పు, తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒక శాతం అటూఇటూ ఎక్కువ పడుతుంది. రెండో ఏడాది వడ్డీలతో దాదాపు తీరిపోతుంది. మిగిలిన ఎఫ్‌డీ ఆస్పత్రి అవసరాలకి, దాన్ని ముట్టుకోవద్దు.

అన్నిటికంటే ముందు ఆర్‌సీ. ఆర్‌టీవో దగ్గర ఫారం 31తో, వారసుల అంగీకారపత్రాలతో మీ పేరుకి మార్పించండి. పోయినవాళ్ల పేరున ఉన్న బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. రంగు మారిస్తే అది కూడా ఆర్‌సీలో ఎక్కాలి, కాబట్టి పాత రంగే మేలు.

బండి 50 ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్, అంటే పాతకాలపు బండ్ల, నమోదుకి వెళ్లవచ్చు. 2021 నిబంధనల ప్రకారం ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. బాడీ అసలు రూపంలో ఉండాలి. అయితే ఆ నమోదుతో రోజూ తిప్పడానికి వీల్లేదు. ఆదివారాలు మనవళ్లని గోపాల్‌పూర్ బీచ్‌కి తీసుకెళ్లాలనుకుంటే మామూలు రెన్యువలే చేయించుకోండి.

అబ్బాయి మాట కూడా తీసిపారేయకండి. సొంత వాడకం కారు అమ్మితే మూలధన లాభం పన్ను ఉండదు. కాబట్టి గీకాక లెక్క రెండున్నర దాటితే అక్కడే ఆగి, ప్రైమర్ కొట్టించి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. అమ్మేముందు మాత్రం రంగు వేయించొద్దు. పాత బండి మీద కొత్త రంగు చూడగానే కొనేవాడు ముందు తీసేది అయస్కాంతమే.