మోటార్‌సైకిళ్ల నిధి వేట తలపెట్టిన మేనకోడలికి

చిరంజీవి చిట్టికి మావయ్య దీవెనలు.

సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం భీమిలి నుంచి శృంగవరపుకోట దాకా మోటార్‌సైకిళ్లపై నిధి వేట నడిపి, వచ్చిన రుసుమంతా మన ఊరి హైస్కూలు గ్రంథాలయానికి ఇవ్వబోతున్నారని తెలిసి నలుగురికీ చెప్పుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

లైసెన్సులు, బండి కాగితాలు, వెనుక కూర్చునేవారికి సైతం హెల్మెట్లు తప్పనిసరి అని నీకు వేరే చెప్పనక్కరలేదు. దారిలోని పోలీసు స్టేషన్లకు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

నా ఉద్యోగపు రోజుల్లో మా మిత్రులు కొందరు ఇదే దారిలో ఇటువంటి వేట నడిపారు. ఆధారాల చీటీలు చక్కగా రాశారు, భోజనాలు చక్కగా పెట్టారు. కానీ అందరికన్నా ముందు గమ్యం చేరినవారికే బహుమతి అని ప్రకటించారు. అంతవరకు ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నవాళ్లు ఆ మాటతో పందెం కోళ్లయ్యారు. పద్మనాభం దాటాక ఒక మలుపులో, వచ్చేపోయే బళ్లే నూర్చిపెడతాయని రైతులు కోసిన ఉలవ మొక్కలను తారురోడ్డు మీద పరిచి ఉంచారు. పైకి అది ఎండు చెత్తలాగే కనిపిస్తుంది గాని, కింద రాలిన నున్నని గింజ మీద బ్రేకు వేస్తే ముందు చక్రం నిలవదు. అందరికన్నా ముందున్న కుర్రవాడు అక్కడే బ్రేకు నొక్కాడు. గింజలు ఊడుస్తున్న ముసలమ్మ చేతిలోని చీపురును హ్యాండిలు ఈడ్చుకుపోయింది. ఆమె మాత్రం అడుగు దూరంలో బతికిపోయింది. వాడికి జబ్బ ఎముక విరిగింది. ఆ ముసలమ్మే తన కొంగు చింపి, వాడి చేతిని మెడకు వేలాడదీసి కట్టింది. అనాథ పిల్లల కోసం పోగైన సొమ్ములో చాలా భాగం వాడి వైద్యానికే పోయింది.

మీ వేట నాటికీ కళ్లాల పని సాగుతూ ఉండవచ్చు కనుక, ముందురోజు నీవే ఆ దారంతా ఒకసారి నెమ్మదిగా తిరిగి చూడు.

అన్నిటికన్నా ముందు గడియారాన్ని పక్కన పెట్టు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం, ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా రోడ్డు మీద వేగపు పందేలు నడపడమూ, వాటిలో పాల్గొనడమూ నేరమే. నీవు ముందుగా తిరిగి కొలిచిన దూరానికి ఎవరి బండి మీటరు దగ్గరగా ఉంటే వారికి మార్కులివ్వు. అప్పుడు తొందరపడినవాడికి లాభముండదు, దారి తప్పినవాడు తనంతట తానే వెనుకబడతాడు. మీటర్లు బండికొక రకంగా చూపుతాయి గనుక కిలోమీటరో, రెండో తేడా వస్తే పట్టించుకోకు.

ఆధారాలకు గోస్తనీ నదినే పట్టుకో. అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే ఆ నదికి మీ దారి ఎదురెక్కుతుంది. భీమిలిలో డచ్చివారి సమాధుల మీది తేదీలున్నాయి, పద్మనాభంలో 1794లో విజయనగరం రాజు విజయరామరాజు నేలకొరిగిన యుద్ధం ఉంది. జవాబు ఊరివాళ్లను అడిగితేనే దొరికేలా ప్రశ్నలు రాస్తే, బండి ఆపి మాట్లాడక తప్పదు. చీటీలను మాత్రం పొలాల్లోనూ, జలాశయపు గట్టు మీదా దాచవద్దు.

పెట్రోలు ఎవరిది వారే పోయించుకోవాలి. రుసుము లెక్క, రశీదులు గ్రంథాలయానికే అప్పగించండి. చిన్నప్పుడు నా స్కూటరు ముందు నిలబడి హారను నొక్కుతూ ఊరంతా లేపిన పిల్లవు, ఇప్పుడు నాలుగు ఊళ్లు కదిలిస్తున్నావు! కోటలో చివరి మజిలీ దగ్గర మీటర్లు చూసి రాసుకునే పని నాకు అప్పగించు, మజ్జిగ కూడా నేనే తెస్తాను. మీ అమ్మకు నీవే చెప్పు. నా నోటితో చెప్పించకు.

ఇట్లు,
మీ మావయ్య