అమ్మమ్మ పెళ్లి చీర కట్టుకోబోయే బుజ్జికి

బుజ్జీ,

నీ రిసెప్షన్‌కి అమ్మమ్మ పెళ్లి చీర కట్టుకుని, 1958 నాటి ఫోటోలో ఆవిడ ఉన్నట్టే తయారవుతానని నువ్వు అన్నప్పటి నుంచీ నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఒక పక్క సంతోషం, ఒక పక్క ఆ చీరకి ఏమవుతుందోనన్న టెన్షన్. ఫోన్లో అన్నీ చెప్పలేకపోయాను. అక్క, అదే మీ అమ్మమ్మ, పెళ్లికి నాకు పదమూడేళ్లు, ఆ రోజు కింద కూర్చుని కుచ్చిళ్లు పట్టుకున్నది నేనే, ఆ తర్వాత తెనాలిలో ముప్ఫై ఏళ్లకి పైగా జాకెట్లు కుట్టాను, కాబట్టి నా మాట కాస్త విను.

ఫోటోలో చీర నల్లగా ఉందని నల్ల జాకెట్ గుడ్డ కొన్నావట. అది మిరపపండు ఎరుపు తల్లీ! అంచు ఆకుపచ్చ. నలుపు తెలుపు ఫోటోలో రెండూ ఒకేలా పడ్డాయి, అంతే. ఆ గుడ్డ వాపసు ఇచ్చెయ్యి.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతున్నాను. ఆ డిజైనర్ అమ్మాయి చీరని లాంగ్ ఫ్రాక్‌గా మారుస్తానందని మీ అమ్మ చెప్పింది. దాని మీద కత్తెర పెట్టనివ్వకు. పాలిష్‌కీ ఇవ్వకు. మా అత్తగారి పట్టుచీర ఒకసారి అలాగే ఇచ్చాను, తిరిగొచ్చేసరికి అంచు పొడుగునా చీలిపోయి ఉంది, అడిగితే "పాత చీర కదమ్మా" అన్నారు. ఇప్పటికీ ఆ చీర పెట్టెలోనే ఉంది, తీసి చూడాలంటే నాకు బాధ. పాత పట్టు ముందు మడతల దగ్గర చిట్లుతుంది, తర్వాత అంచూ నడిమీ కలిసే చోట. అందుకే కట్టుకునే ముందు చీర మొత్తం కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టి మూరెడు మూరెడు చూడాలి. పలచబడ్డ చోట వెనక మెత్తటి మల్లు గుడ్డ ముక్క వేసి సన్నటి సూదితో చేతికుట్టు వేస్తే ఒక పూటకి తట్టుకుంటుంది. ఆ పని నేను చేస్తాను. మిషన్ కుట్టు మాత్రం వద్దు, సూది పోట్ల వరసే చిరుగు అవుతుంది. అప్పటి జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత, దాని మీద సెంటు కొట్టావంటే మచ్చ పడి నల్లబడుతుంది. సెంటు కావాలంటే చీర కట్టుకోకముందే మెడకి రాసుకుని ఆరనివ్వు.

ఇక జాకెట్. నువ్వు పంపిన బొమ్మల్లో వీపంతా తెరిచి, తాళ్లు కట్టి, మగ్గం వర్క్ నిండా ఉన్నాయి. బాగానే ఉన్నాయి, కానీ వాటి మీద ఆ చీర కడితే మీ అమ్మమ్మ కనపడదు. ఆ రోజుల్లో మా ఇళ్లలో జాకెట్ అంటే నడుము దాకా దిగేది. మెడ చిన్నది, వీపు మూసి ఉండేది, హుక్కులు ముందు, చేతులు మోచేతి దాకా గానీ లేకపోతే పొట్టి బుట్ట చేతులు గానీ. అక్కవి బుట్ట చేతులే. బుట్ట నిలబడాలంటే చెయ్యి పై భాగం మామూలు కన్నా వెడల్పుగా కత్తిరించి, కుచ్చు అంతా భుజం మీదకే తెచ్చి, చంక వైపు సాఫీగా వదిలెయ్యాలి. ఇప్పుడు చాలామంది కుచ్చు చుట్టూరా పంచేస్తారు, అందుకే చెయ్యి ఉబ్బినట్టు కనిపిస్తుంది. లోపల కప్పులు పెట్టొద్దను. గుడ్డ ఆకుపచ్చ టూ బై టూ చాలు, పట్టు అక్కర్లేదు. అంత బరువు చీర మీద నూలు జాకెట్ ఎంత హాయిగా ఉంటుందో నువ్వే చూస్తావు. చీరలో జాకెట్ ముక్క ఉందేమోనని వెతక్కు, దీనికి రాలేదు. లంగా కూడా నూలుదే, నాడాది. జారుడు లంగా మీద పట్టుచీర నిలబడదు, జారకుండా పిన్నులు పెట్టి పెట్టి పాత పట్టుకి చిల్లులు చేస్తావు. భుజం దగ్గర ఒక్క పిన్ను పెట్టుకో, దాని కింద చిన్న గుడ్డ ముక్క వేసి. ఇస్త్రీ చేసి ముందే మడతపెట్టిన పైట నాకు నచ్చదు. అక్క పైట భుజం మీద వదులుగా వేసి, కొంగు వెనక నుంచి తిప్పి నడుము దగ్గర దోపుకునేది. ఆ వదులులోనే ఉంది ఆ కాలపు అందమంతా.

సావిత్రి గెటప్ అన్నావు. ఏ సావిత్రి బుజ్జీ? 1957 నాటి మాయాబజార్ శశిరేఖలా నగలు పెట్టుకుంటే అది పౌరాణిక వేషం, మేమెవరం అలా తిరగలేదు. ఆ సినిమా రంగులు కూడా 2010లో వేసినవి, అప్పుడు మేము చూసింది నలుపు తెలుపులోనే. నీకు కావాల్సింది 1955 నాటి మిస్సమ్మలో టీచరు సావిత్రి. మా వీధి ఆడపిల్లలు చూసి నేర్చుకున్నది అలాంటి సాంఘికాల్లోంచే. తలకి నూనె రాసి, పాపిడి తీసి, చెవుల మీదుగా జుట్టు కాస్త వదులుగా తెచ్చి ఒంటి జడ వెయ్యి. జుట్టు చాలకపోతే సవరం పెట్టుకో, అప్పుడు అందరూ పెట్టుకునేవారు, దాంట్లో సిగ్గు లేదు. స్టిక్కర్ బొట్టు వద్దు, తిలకం పెట్టుకో, అగ్గిపుల్లతో దిద్దితే గుండ్రంగా వస్తుంది. కాటుక కంటి కొస దాటి కొద్దిగా. పెదాలకి ఏమీ వద్దు.

అబ్బాయికి గ్లాస్కో పంచె, సిల్కు లాల్చీ చాలు. బెల్ బాటమ్ మాట ఎత్తొద్దను, అది 70ల నాటి ముచ్చట.

పాటల గురించి అడిగావు కదా. 1952లో ఆలిండియా రేడియోలో సినిమా పాటలు ఆపేశారు, 1957 అక్టోబరులో వివిధ భారతి వచ్చేదాకా మాకు దిక్కు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోనే. అందులో తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు వినపడగానే అక్క పొయ్యి మీద గిన్నె దించి వచ్చేది, పాట అయ్యేదాకా కదిలేది కాదు. అందుకని రీమిక్సులు పెట్టించకు. 1958కి ముందు పాటలు ఓ పది ఏరుకుని, నలుగురూ మాట్లాడుకోగలిగేంత మెల్లగా పెట్టించు. ఏవేవి పెట్టాలో నేను చెబుతాను, అక్క ఏవి పాడుకునేదో నాకు గుర్తే.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా. నీకు సరిగ్గా పట్టే జాకెట్ ఒకటి ఆదికి తెచ్చుకో, ఆకుపచ్చ గుడ్డ ఒక మీటరు తీసుకురా. చీర కలరా ఉండల వాసన పోవాలి కాబట్టి శుక్రవారమే తీసి నీడలో దండెం మీద ఆరేస్తాను, కింద తెల్ల పంచె పరిచి.

మీ చిన్నమ్మమ్మ