మీరడిగితే: బాపు గురించి పది నిమిషాలు ఏం మాట్లాడాలె?

ప్రశ్న: అక్కా వందనాలు. మాది నర్సంపేట దగ్గర పల్లె, నేను హనుమకొండల టీచర్‌గ చేస్తున్న. మా బాపు పోయినేడు మక్కలు ఇరిసే రోజుల్ల ప్రభువునందు నిద్రించిండు, 78 ఏండ్లు. నాలుగెకరాల రైతు, మా ఊరి బాప్టిస్టు సంఘంల డీకన్, మేం ముగ్గురు ఆడపిల్లలం ఒక తమ్ముడు. వచ్చే నెల సంస్మరణ కూడిక పెట్టుకున్నం, పాస్టర్ గారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నరు. రాస్తే "దైవభక్తి గలవాడు, కష్టజీవి, ప్రేమగల తండ్రి" ఇంతే వస్తుంది, ఇది ఎవరి బాపుకైనా అతుకుతది కదా. మల్ల వచ్చేటోళ్లల్ల సగం మంది మా ఊరి హిందువులే, వాళ్లకు డీకన్ అంటే ఏందో తెల్వదు. తమ్ముడేమో పత్తి పోయిన ఏడు సంగతి, అప్పుల సంగతి ఎత్తొద్దు అంటుండు. ఇంకో డౌట్ కూడా ఉంది అక్కా, ఒక ఆదివారం ప్రసంగం నడుస్తుంటెనే బాపు లేచి పోయిండు, పక్కోళ్ల వడ్లు కల్లంల ఉన్నయి మొగులు పట్టింది అని తాడిపత్రి (టార్పాలిన్) పట్టుకొని ఉరికిండు, ఆ రోజు చర్చిల అందరు ఏదోలా చూసిన్రు. అది చెప్పాల్నా వద్దా? తను మాత్రం జిందగీల ఆదివారం అరక కట్టలే. కోతలప్పుడు పరిగె ఏరుకునేటోళ్లను ఎవ్వరిని ఎల్లగొట్టనిచ్చేటోడు కాదు. ఏం రాయాల్నో చెప్పు అక్కా.

జవాబు: చెల్లే, నీకు రాయ వస్తలేదు అన్నవ్ గని నువ్వు రాయాల్సింది మొత్తం నీ ఉత్తరం చివరి నాలుగు లైన్లల్లనే ఉంది, మల్లొకసారి చదువుకో.

ఆ తాడిపత్రి సంగతితోనే మొదలుపెట్టు. దాచుడెందుకు? తన పొలంల ఎంత పని ఉన్నా ఆదివారం ఎడ్లను కొట్టంల నుంచి ఇప్పని మనిషి, పక్కోని వడ్లు తడుస్తయంటే ప్రసంగం నడుమ నుంచి లేచి పోయిండు. ఆదివారం నాడు ఎద్దు బాయిల పడితే మీరు తియ్యరా అని ప్రభువు అడిగిన మాట లూకా సువార్తల ఉంది (విశ్రాంతిదినం అని ఉంటది అక్కడ), మీ బాపు ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివిండో, ఆ రోజు కాళ్లతోటి చదివిండు. వడ్లు తడిస్తే ఏమైతదో వచ్చినోళ్లందరికి తెలుసు, రంగు మారుతది, మొలక వస్తది, కొనుగోలు సెంటర్ల తేమ అని తరుగు తీస్తరు. కాబట్టి ఆ సంగతికి నువ్వు వివరణ ఇయ్యాల్సిన పనే లేదు. మొగులు ఎట్ల పట్టింది, ఆయన ఏ బెంచీ మీద నుంచి లేచిండు, వడ్లు ఎవలయి, తడిసినయా బతికినయా, అది చెప్పు చాలు. ఆ వడ్ల ఇంటోళ్లు కూడికకు వస్తరు కదా, ముందుగాల వాళ్లింటికి పోయి ఆ రోజు ఏమైందో వాళ్ల నోట విను, నీకు తెల్వని ముక్క ఏదో వాళ్ల కాడ ఉంటది.

ఇగ పరిగె. ఈ మాట మీద నేను కొంచెం ఆగుత, ఎందుకంటే నాకు ఇది చానా ఇష్టమైన మాట. కోత అయినంక మడిల రాలిన వెన్నులు ఏరుకునుడును మన దిక్కు పరిగె అంటం, పాత తెలుగు బైబిల్ల రూతు కథల కూడా అదే మాట ఉంది, రూతు పరాయి దేశపు ముండమోసిన పిల్ల, బోయజు పొలంల పరిగె ఏరుకుంటది, ఆయన తన కూలోళ్లకు చెప్తడు పనల్ల (కోసిన పంట కట్టల) నుంచి కొన్ని కావాలని జారవిడువుండ్రి అని. పొలంల పన మర్చిపోతే తిరిగి తెచ్చుకోవద్దు, పరదేశికి, తండ్రి లేని పిల్లలకు, విధవరాలికి ఇడిసిపెట్టు అని ద్వితీయోపదేశకాండంల చట్టమే ఉంది. అంటే మీ బాపు మంచితనం కొద్ది చేసిండు అనుకుంటున్రు గని ఆయన దాన్ని ఆజ్ఞ అనుకోని చేసిండు. ఇప్పుడు హార్వెస్టర్లు వచ్చినంక పరిగె అంటే మీ బడి పిల్లలకు తెల్వదు, ఆ ఒక్క మాట కోసం రెండు నిమిషాలు తీసుకున్నా తప్పులేదు.

డీకన్ అంటే ఏందని చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు, "మా సంఘంల వడ్డించేటోడు" అను. నిజంగ ఆ గ్రీకు మాటకు అర్థం పరిచారకుడు అనే, అపొస్తలుల కార్యాలల్ల విధవలకు రోజూ భోజనం సరిగ్గ అందుతలేదని గొణుగుడు వస్తే ఏడుగురిని ఏర్పాటు చేసిన్రు, డీకన్ల పని అక్కడి నుంచి వచ్చిందే అంటరు. కానుకల లెక్క రాసుడు, ప్రభురాత్రి భోజనంల రొట్టె పంచుడు, మంచాన పడ్డోళ్లను చూసొచ్చుడు, ఊరోళ్లకు ఇది మస్తు సులువుగ ఎక్కుతది.

మీ సంఘం గురించి కూడా ఎవరన్న అడుగుతరు, కాబట్టి కొంచెం తెలిసి ఉండు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశానికి 1836ల వచ్చిన్రు, సామ్యూల్ డే అనే ఆయన. 1840 నుంచి నెల్లూరు. చానా ఏండ్లు పెద్దగ ఎవ్వరు చేరలే, మిషన్ మూసేద్దామని అమెరికాల మాట్లాడుకున్నరు కూడా. తర్వాత ఒంగోలు దిక్కు జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ, మనోళ్లు క్లౌ దొర అంటరు, వచ్చిండు, ఎర్రగుంట్ల పేరయ్య అనే తోలు వ్యాపారం చేసే మాదిగాయన 1866ల బాప్తిస్మం తీసుకొని ఊరూరు తిరిగి చెప్పిండు, దొరల కంటే ముందు ఆయన మాట మనోళ్లకు చేరింది, ఇది నేను ప్రతిసారి చెప్త ఎందుకంటే ఆ పేరు మనోళ్లే మర్చిపోతున్నరు. 1876-78 కరువుల క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకొని జనానికి కూలి ఇప్పించిండు, గని కరువు ఉన్నంత సేపు బాప్తిస్మాలు ఇయ్యలే, అన్నం కోసం వచ్చిన్రు అనే మాట రావద్దని. కరువు తగ్గినంక 1878 జులై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మ ఏట్ల ఒక్క రోజే 2,222 మంది నీళ్లల్ల మునిగి బాప్తిస్మం తీసుకున్నరు, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగ నీళ్లల్ల నిలబడి ఇచ్చిన్రు. ఆ మరుసటేడు 1879ల లాఫ్రిడ్జ్ అనే మిషనరీ హనుమకొండల మిషన్ మొదలుపెట్టిండు. మీ బాపు చెరువుల మునిగిండో వాగుల మునిగిండో ఎన్నో ఏట మునిగిండో మీ అమ్మను అడుగు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇయ్యరు కదా, తెలివి వచ్చి తన నోటితోటి నమ్మిన అని చెప్పినంకనే, అంటే అది ఆయన ఎరుకల ఉన్న రోజు, ఆయన ఎన్నోసార్లు ఇంట్ల చెప్పుకునే ఉంటడు.

ఇప్పుడు మీ తమ్ముని మాట. నేను ఒప్పుకోను చెల్లే. 1997-98ల మన వరంగల్ జిల్లాల పత్తికి లద్దె పురుగు పట్టి ఎన్ని మందులు కొట్టినా సావక, అప్పు తెచ్చి మల్ల మందు కొట్టి, ఆఖరికి ఆ మందే తాగి ఎంతమంది రైతులు పోయిన్రో ఆ కూడికల కూసునే పెద్దోళ్లందరికి యాదికి ఉంటది, కొంతమందికి సొంతింట్లనే జరిగి ఉంటది. ఆ ఏడు మీ బాపు ఎట్ల బతికిండో అది చెప్పకపోతే ఆయన ప్రార్థన దేనికి చేసిండో ఎవరికి అర్థమైతది? మా బాపు కూడా పర్కాల దిక్కు పత్తి రైతే, ఆ చలికాలం రాత్రిళ్లు ఇంట్ల ఉన్న మందు డబ్బాలన్నీ గోనెసంచిల కట్టి కొట్టం అటక మీద పెట్టి తాళం చెవి మా అమ్మ కొంగుకు కట్టిండు, "నా మీద నాకు నమ్మకం ఉంది గని రాత్రి మీద లేదు" అన్నడు. అప్పుడు నాకది సమజ్ కాలే. తర్వాత ఎడ్ల జతను అమ్మి వడ్డీ కట్టి రెండేండ్లు కిరాయి నాగలితోటి దున్నిండు. నేను ఆయన సంస్మరణ రోజు ఇది చెప్పిన, వెనక వరుసల ఒకాయన లేచి బయటికి పోయి వాకిట్ల ఏడ్సిండు, ఆయన అన్న ఆ ఏడే పోయిండట. మీరు అప్పు ఇచ్చినోని పేరు, మందుల షాపు పేరు ఎత్తకుండ్రి, ఎంత అప్పో లెక్క కూడా అక్కర్లేదు, తమ్మునికి అదే బాధ కావచ్చు. తమ్మున్ని కూసోబెట్టి ముందుగాల చదివి వినిపించు, ఆయనకు నచ్చని లైన్ ఉంటే తీసెయ్, సంగతి మాత్రం తియ్యకు.

మల్లొక పని. ఆయన బైబిల్ తెరువు. మనోళ్లు ముందు ఖాళీ పేజీల పిల్లల పుట్టిన తారీఖులు రాస్తరు, కొంతమంది రైతులు విత్తనం పెట్టిన రోజు, మిరుగు కార్తెల మొదటి వాన పడ్డ రోజు కూడా రాసుకుంటరు. ఉంటే ఒకటి రెండు తారీఖులు ఉన్నదున్నట్టు చదువు. ఆడపిల్లల ముగ్గురి పేర్లు తమ్ముని పేరు ఒకే తీరు అక్షరాలల్ల ఉంటే అది కూడా చెప్పు, ఆ రోజుల్ల ముగ్గురు ఆడపిల్లలను చదివించిన రైతు గురించి ఇంకో పొగడ్త దేనికి. పది నిమిషాలంటే చేతిరాతల మూడు పేజీలు దాటొద్దు, వాక్యం చెప్పుడు పాస్టర్ గారి పని, నువ్వు సాక్ష్యం చెప్తున్నవ్.

ప్రశ్న: అమ్మా, మా తాత కూడా బాప్టిస్టు సంఘం మనిషే, ఎవుసం చేసేటోడు. సమాధి రాయి మీద పెద్ద వచనం రాయించాలని చిన్నాయన, ఫొటో చెక్కించాలని అత్తమ్మ, రోజూ లొల్లి. మీరేమంటరు? (హసన్‌పర్తి నుంచి ఒక పిలగాడు)

జవాబు: బిడ్డా, రెండూ పెడితే రాయి సరిపోదు. కరీంనగర్ దిక్కు గ్రానైట్ దొరుకుతది కదా, పెయింట్ అక్షరాలు వద్దు, లోతుగ చెక్కించుండ్రి, రెండు వానాకాలాలకు పెయింట్ కొట్టుకపోతది. పేరు, ఊరు, పుట్టిన ఏడు, బాప్తిస్మం తీసుకున్న ఏడు, పోయిన రోజు. వచనం కావాలంటే అధ్యాయం నంబరు ఒక్కటి చాలు, ఇంటికి పోయి తెరిచి చూసుకుంటరు. ఫొటో మీ ఇంట్ల గోడకు పెట్టుకోండ్రి. పేరు కింద మాత్రం "రైతు" అని రాయించు, మీ చిన్నాయన వద్దన్నా రాయించు.