శిష్యురాలి కచేరీకి వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: మాది చెన్నై, మైలాపూరు. నాకు 63 ఏళ్లు. ఇంట్లోనే సంగీతం చెబుతాను. ఒక తమిళుల అమ్మాయికి ఏడో ఏట సరళీ స్వరాలతో మొదలుపెట్టి తొమ్మిదేళ్లు నేర్పాను. తర్వాత వాళ్లమ్మ నాతో మాటైనా అనకుండా పేరున్న విద్వాంసుడి దగ్గర చేర్పించింది. ఈ డిసెంబరు సంగీతోత్సవాల సీజన్‌లో ఆ పిల్లకి ఒక సంగీత సభలో మధ్యాహ్నం కచేరీ దొరికింది. "మామీ, మీరు తప్పక రావాలి, మీ భైరవి వర్ణంతోనే మొదలుపెడుతున్నా" అని ఫోన్ చేసింది. భైరవి రాగంలో నేను నేర్పిన రచన అది. సభవాళ్ల కార్యక్రమాల పుస్తకంలో మాత్రం గురువుగా ఆయన పేరొక్కటే ఉంది. మావారు వెళ్లొద్దంటున్నారు. ఆ పిల్ల వెళ్లాక చిన్నపిల్లల్ని చేర్చుకోవడమే మానేశాను. ఏం చేయను?

జవాబు: వెళ్లండమ్మా. మీవారు మీ బాధ చూడలేక వద్దన్నారు, ఆయన్ని తప్పు పట్టను. తొమ్మిదేళ్ల కష్టానికి ఒక్క పంక్తి దక్కకపోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. దానికి అసూయ అని పేరుపెట్టి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. చెప్పకుండా మాన్పించడం తప్పే. అయితే పదహారేళ్ల పిల్ల చేతిలో ఆ నిర్ణయం ఎంత ఉండి ఉంటుంది?

ఫోన్‌లో ఆమె అన్న మాట మళ్లీ ఒకసారి తలుచుకోండి. "మీ భైరవి వర్ణం" అంది. ఒక్కో చుట్టుకు పద్నాలుగు లెక్కలుండే అట తాళం, దాని మీద తెలుగు సాహిత్యం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరమని మీకు నేను చెప్పాలా! ఏది ఏ ధ్వనో తెలిసేలా పక్కన చిన్న చిన్న అంకెలు వేయించి, పదాలు విడగొట్టి, అర్థం చెప్పి మీరు ఎన్ని సాయంత్రాలు కూర్చుని ఉంటారో. వేదిక మీద ఆ పిల్ల నోట 'గ' గానే పలికితే, మాట విరగాల్సిన చోటే విరిగితే అది మీ గదిలో చాప మీద నేర్చుకున్నదే. ఆ సంగతి పుస్తకం చదివేవాళ్లకు తెలియదు. మీ ఇద్దరికీ తెలుసు.

గమకాల్లో, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరులో, కొత్త గురువుగారి బాణీ వినిపిస్తుంది. అక్కడ తప్పులు వెతకకండి.

మధ్యాహ్నం కచేరీలకు చాలా సభల్లో టికెట్ ఉండదు, జనమూ పలచగానే ఉంటారు. ముందు వరస వద్దు, మీ మొహం చూస్తూ ఆమె తడబడవచ్చు. నాలుగైదు వరసలు వెనక కూర్చోండి. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం మొదలుకాగానే కొందరు క్యాంటీన్‌కి లేస్తారు, మీరు మంగళం దాకా ఉండండి. తర్వాత దగ్గరికి వెళ్లి ఏ కృతి ఎక్కడ నచ్చిందో చెప్పి వచ్చేయండి. పుస్తకం సంగతి ఆరోజు ఎత్తొద్దు. మీవారు వెంట వస్తే ఆయన దగ్గరా ముందే మాట తీసుకోండి.

సంక్రాంతి వెళ్లాక ఆ పిల్లని ఇంటికి భోజనానికి పిలవండి. అప్పుడు సూటిగా అడగండి: "నా పేరు లేకపోతే కష్టమనిపించిందమ్మా, ఎందుకలా జరిగింది?" వివరాలు వాళ్లమ్మ పంపి ఉండొచ్చు. కొత్త గురువుగారు ఏమనుకుంటారోనని భయపడి ఉండొచ్చు. అసలు ఆలోచించకనే పోయి ఉండొచ్చు. ఏం చెప్పినా మధ్యలో అడ్డుపడకుండా వినండి. గురువు నోరు తెరిచి అడగకూడదని మనలో చాలామంది అంటారు, నేను ఒప్పుకోను.

చిన్నపిల్లల్ని చేర్చుకోవడం మానేశానని చివర్లో ఒక్క ముక్క రాశారు. కచేరీ కంటే అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ పిల్ల పాట విని వచ్చాక దాని గురించి నాకు వివరంగా రాయండి.