గాగుల్స్‌లో కనిపించే అంకెల గురించి

చిన్నోడా,

నీ డ్రోన్‌కి ఓఎస్‌డీ మాడ్యూల్, అంటే గాగుల్స్‌లో కనిపించే వీడియో మీద వోల్టేజీ లాంటి అంకెలు అద్దే బోర్డు, విడిగా కొనాలా అని అడిగావు కదా. ముందు నీ ఫ్లైట్ కంట్రోలర్ మీద, అదే డ్రోన్‌ని నడిపించే బోర్డు మీద, ఏటీ7456ఈ అని రాసున్న చిప్ ఉందేమో భూతద్దం పెట్టి చూడు. ఉంటే డబ్బులు దాచుకో, ఆ బోర్డు సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్‌లో ఓఎస్‌డీ ట్యాబ్ ఉంది, దాంతోనే పనైపోతుంది. లేకపోతేనే మినిమ్‌ఓఎస్‌డీ లాంటిది తెచ్చుకో. దాంట్లోనూ అదే జాతి చిప్పు, పక్కన అంకెలు అందించే ఏటీమెగా328 అనే మైక్రోకంట్రోలర్ ఒకటి, అంతే. 4ఎస్ బ్యాటరీ, అంటే నాలుగు సెల్స్ ఉన్నది, మాత్రం దానికి నేరుగా ఇవ్వకు, నిండా ఛార్జ్ అయితే 16.8 వోల్టులు, వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్ వేలు పెట్టలేనంత కాలుతుంది.

కెమెరా నుంచి వచ్చిన వీడియో ఓఎస్‌డీలోకి దూరి, అంకెలు అద్దించుకుని వీటీఎక్స్‌లోకి, అంటే వీడియో ట్రాన్స్‌మిటర్‌లోకి పోతుంది. పాత కలర్ టీవీలో ఛానల్ నంబర్ పచ్చగా మూలన కనిపించేది, అదే పని. ఇరవై ఏళ్లు టీవీలు బాగుచేసినవాణ్ని, అయినా పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు వీడియో పద్ధతుల గొడవ నన్ను ఇక్కడా వదల్లేదు. పాల్‌లో తెర మీద అంకెలకి 16 వరసలు వస్తాయి, ఎన్‌టీఎస్‌సీలో 13 మాత్రమే. ఓసారి కెమెరా పాడైతే ఇంట్లో ఉన్న ఎన్‌టీఎస్‌సీది తగిలించాను, అడుగు వరసలో పెట్టుకున్న వోల్టేజీ మాయమైందని గాల్లోకి లేచాక గానీ చూసుకోలేదు. అందుకే ముఖ్యమైనవన్నీ పై 13 వరసల్లోనే పెట్టు.

ఏవి ముఖ్యమంటావా? ఒక్కో సెల్ సగటు వోల్టేజీ, వాడిన ఎంఏహెచ్ (బ్యాటరీలోంచి ఖర్చైన ఛార్జ్), టైమర్, వార్నింగులు. మిగతావి తీసెయ్యి. తెరంతా పెళ్లి శుభలేఖలా నింపుకుంటే ఎదురుగా ఉన్న కరెంటు తీగ కనబడదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. ఆ అంకెల్ని సరిచూసుకోకుండా నమ్మకు. పోయిన సంక్రాంతికి కోతలైన వరిచేలో ఎగరేస్తున్నా, సెల్‌కి 3.6 చూపిస్తోంది, సరే ఇంకో చుట్టు అనుకుని థ్రాటిల్ పెంచానో లేదో వీడియో పోయింది, డ్రోన్ కొయ్యకాళ్ల మధ్య పడింది. వెతికి పట్టుకుని మీటర్ పెడితే 3.2. మల్టీమీటర్‌తో పోల్చి వోల్టేజ్ స్కేల్ సరిచేసుకోవడం ఐదు నిమిషాల పని, బద్ధకించాను. కరెంట్ సెన్సర్‌కీ అంతే. ఎగరేసి వచ్చాక ఛార్జర్ 1000 ఎంఏహెచ్ ఎక్కించి, ఓఎస్‌డీ 1100 వాడానని చెబితే, స్కేల్ అంకెని 10 శాతం పెంచాలి. తగ్గించాలేమో అనిపిస్తుంది, కాదు, పెంచాలి. అది కుదిరాక 1500 ఎంఏహెచ్ బ్యాటరీలో 1200 దాటగానే దించెయ్, ఎందుకంటే వోల్టేజీ థ్రాటిల్ నొక్కినప్పుడల్లా పడి లేస్తుంది, ఎంఏహెచ్ అలా ఊగదు.

థ్రాటిల్ పెంచితే బొమ్మలో గీతలొచ్చినా, అంకెలు ఉన్నట్టుండి మాయమైనా మాడ్యూల్‌ని తిట్టకు. బ్యాటరీ ప్యాడ్ల మీద 35 వోల్టుల 1000 మైక్రోఫారడ్ 'లో-ఈఎస్ఆర్' (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్ ఒకటి అతికించి చూడు, చాలాసార్లు అక్కడితో పోతుంది.

సోల్డరింగ్ అయ్యాక, బ్యాటరీ పెట్టకముందే ఫొటో తీసి పంపు. ఈలోగా వీటీఎక్స్‌కి యాంటెనా బిగించకుండా కరెంటిచ్చి కాల్చావో, కొత్తది నీ పాకెట్ మనీతోనే కొనుక్కోవాలి.

మీ బాబాయ్