సమాధానం: ఆవాస్ రెండో విడత ‘జమ’ అంటున్నారు, పాస్‌బుక్‌లో లేదు

బొండపల్లిలో మీ నాన్నగారి పీఎం ఆవాస్ ఇంటి సాయం రెండో విడత జమైందని హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చెప్పారు, బ్యాంకు లేదంటోంది అని రాశారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

ఈ డబ్బు మండలాఫీసు చేతికి రాదు. రాష్ట్రం నుంచి పీఎఫ్‌ఎంఎస్‌ (ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) ద్వారా నేరుగా లబ్ధిదారు ఖాతాకే వెళ్తుంది. కాబట్టి విడుదల చేయిస్తామని ఎవరు అడిగినా రూపాయి ఇవ్వొద్దు.

ముందు ఏఈ దగ్గర రిజిస్ట్రేషన్ నంబరు, ఎఫ్‌టీవో (నిధుల బదిలీ ఆదేశం) నంబరు తీసుకుని, చెల్లింపు పూర్తయిందా, తిరిగొచ్చిందా అని అడగండి.

పూర్తయితే ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లేలా నమోదైందో) చూడండి. ఆధార్ ఆధారంగా వేసిన డబ్బు ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) చివరగా మ్యాప్ అయిన ఖాతాకే పోతుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడి ఉండొచ్చు. బ్యాంకులో ఆధార్ లింకవడం వేరు, ఎన్‌పీసీఐ సీడింగ్ వేరు. చాలామంది తిరుగుళ్లన్నీ ఇక్కడే.

తిరిగొస్తే కారణం అడగండి. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతాలో 50,000 మించి నిల్వ ఉండకూడదు, ఏడాదికి లక్షకు మించి జమ కాకూడదు. ప్రభుత్వ సాయం జమకు ఆ నిల్వ పరిమితి వర్తించదు, అయినా ముందు కేవైసీ చేయించండి. గ్రామీణ వికాస్ బ్యాంకు ఖాతా అయితే 2025 మేలో ఏపీ గ్రామీణ బ్యాంకులో కలిసింది, ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) మళ్లీ సరిచూడండి.

వివరాలు సరిచేశాక కొత్త ఎఫ్‌టీవో పెట్టాలి, పాతది దానంతటది కదలదు. అర్జీ రాసిచ్చి రసీదు తప్పకుండా తీసుకోండి.